కిలోమీటరుకు కాదు, క్వింటాలుకు ఎంత డీజిల్?

(రైతు సంఘం అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర, రుణాలు, కరెంటు, విత్తనాలు మన తరగతుల్లో ఎప్పుడూ చర్చకు వస్తాయి. ఈరోజు మనం మాట్లాడుకునే విషయం వాటి పక్కన చిన్నదిగా కనిపిస్తుంది. పొలం నుంచి మార్కెట్ యార్డుకు సరుకు తీసుకెళ్ళే పికప్ బండి నిజంగా ఎంత డీజిల్ తాగుతుంది అన్నదే ఆ విషయం. టమాటాకు, మిర్చికి కేంద్రం ప్రకటించే మద్దతు ధర లేదు. యార్డులో ఆ పూట పలికిన ధరలోంచి కమీషను, హమాలీ, బండి కిరాయి పోగా మిగిలిందే మన చేతికి వస్తుంది. ధర పడిపోయిన రోజున కిరాయి కూడా దక్కక టమాటా రోడ్డు పక్కన పారబోసి వచ్చిన రైతులు మనలో ఉన్నారు. కాబట్టి డీజిల్ లెక్క మన బతుకు లెక్కలో భాగమే.

బండి కొనేటప్పుడు, కిరాయి మాట్లాడేటప్పుడు మనమంతా అడిగేది ఒకే ప్రశ్న: "మైలేజీ ఎంత?" షోరూములో ఒక అంకె చెబుతారు, డ్రైవరు ఇంకో అంకె చెబుతాడు, బంకు బిల్లు మూడో అంకె చెబుతుంది. ఈ మూడింటికీ ఎందుకు పొంతన ఉండదో ముందు చూద్దాం. తర్వాత మనకు పనికొచ్చే లెక్క ఏదో తేల్చుకుందాం.

కాగితం మీది అంకె ఎక్కడిది?

మన దేశంలో మొత్తం బరువు 3.5 టన్నుల లోపు ఉండే బండ్ల మైలేజీ పరీక్ష ప్రయోగశాలలో జరుగుతుంది. బండి చక్రాలను రోలర్ల మీద ఎక్కించి, ముందే నిర్ణయించిన క్రమంలో నడుపుతారు. కాసేపు ఆపడం, కాసేపు నెమ్మదిగా పోనివ్వడం, చివర్లో కొంత వేగం. మొత్తం కలిపి సుమారు 20 నిమిషాలు. వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటదు. ఆ రోలర్ల మీద గుంతలు లేవు, ఘాట్ లేదు, ఎదురుగాలి లేదు, గేదెల మంద అడ్డం రాదు. అసలు సంగతి ఏమిటంటే, తొట్టి నిండా సరుకు వేసి చేసే పరీక్ష కాదది.

ఆ పరీక్షే మోసమని మేము చెప్పడం లేదు. అన్ని బండ్లనూ ఒకే కొలతతో పోల్చాలంటే అలాంటి పద్ధతి ఒకటి ఉండాల్సిందే. రెండు బండ్లలో ఏది మేలో చూసుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది. మన ఊరి నుంచి మన యార్డుకు ఎంత డీజిల్ పడుతుందో మాత్రం అది చెప్పలేదు.

ఇది మన దేశంలోనే ఉన్న సమస్య కాదు. పికప్ బండ్లకు పుట్టినిల్లు లాంటి అమెరికాను చూడండి. ఫోర్డ్ ఎఫ్-150, షెవర్లే సిల్వరాడో, రామ్ 1500 లాంటి పెద్ద పికప్‌లు అక్కడి రైతు కుటుంబాల్లో మామూలే. కొత్త బండి అద్దానికి మైలేజీ చీటీ అతికించి అమ్మాలని అక్కడ చట్టం ఉంది. ప్రయోగశాల అంకెకూ రోడ్డు మీది అంకెకూ పొంతన లేదని జనం గోల పెడితే, 1985 మోడల్ బండ్ల నుంచి చీటీ మీది అంకెలను తగ్గించి వేయడం మొదలుపెట్టారు. ఊళ్ళో తిరిగే మైలేజీని 10 శాతం, హైవే మైలేజీని 22 శాతం తగ్గించారు. అదీ చాలక 2008 మోడల్ బండ్ల నుంచి ఎక్కువ వేగం, ఏసీ, చలి వాతావరణం కూడా కలిపి పరీక్ష పద్ధతిని మార్చారు.

అయినా ఆ పరీక్షలో వెనక ట్రైలరు ఉండదు. గ్యాలనుకు 20 మైళ్ళు అని చీటీ ఉన్న పికప్, అంటే మన లెక్కలో లీటరుకు ఎనిమిదిన్నర కిలోమీటర్లు ఇచ్చే బండి, బరువైన ట్రైలరు తగిలిస్తే దాదాపు సగానికి పడిపోవడం అక్కడ మామూలు అనుభవం. ఇంకో విచిత్రం ఉంది. లోడుతో కలిపి అనుమతించిన బరువు 8,500 పౌండ్లు, అంటే సుమారు 3,855 కిలోలు దాటిన పికప్‌లకు ఆ చీటీ అతికించాలన్న నిబంధనే లేదు. బరువు పనికి ఎక్కువగా వాడే బండ్లకే మైలేజీ చీటీ లేదన్నమాట. చట్టం గట్టిగా ఉన్న చోట కూడా బరువు మోసేవాడి లెక్క బరువు మోసేవాడే రాసుకోవాల్సి వస్తోంది.

డీజిల్ ఎక్కడ ఖర్చవుతోంది?

ఒక లీటరు డీజిల్‌లో ఉన్న శక్తి కరెంటు లెక్కలో సుమారు 10 యూనిట్లు. మంచి కండిషన్‌లో ఉన్న ఇంజను అందులో మూడో వంతును, అంటే మూడు, మూడున్నర యూనిట్లను మాత్రమే పనిగా మార్చగలదు. మిగతాదంతా రేడియేటరు వేడిలో, సైలెన్సరు పొగలో పోతుంది. చేతికొచ్చిన ఆ మూడు యూనిట్లు ఎటు పోతున్నాయో చూద్దాం.

మొదటిది ఎత్తు. బండి, సరుకు కలిపి 3 టన్నులు అనుకుందాం. దాన్ని 300 మీటర్ల ఎత్తున్న ఘాట్ ఎక్కించడానికే సుమారు ముప్పావు లీటరు కావాలి. ఇది మలుపులు, బ్రేకులు లెక్కలోకి తీసుకోకుండా చెప్పిన మాట. దిగేటప్పుడు కొంత కలిసొచ్చినా బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఆ డీజిల్ వేడిగా మారిపోతుంది.

రెండోది గాలి. వేగం పెరిగితే గాలి అడ్డు అంతే పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 60 నుంచి 80కి పోతే గాలి అడ్డు దాదాపు 1.8 రెట్లవుతుంది. క్యాబిన్ కంటే ఎత్తుగా బాక్సులు పేర్చి, పైన పట్టా వదులుగా కట్టి, అది గాలికి కొట్టుకుంటూ పోతుంటే ఖర్చు ఇంకా పెరుగుతుంది. పట్టా బిగించి కట్టడానికి పైసా ఖర్చు లేదు.

మూడోది టైరు, రోడ్డు. గాలి తగ్గిన టైరు నేలకు అతుక్కుని నడుస్తుంది. లోడు ఎక్కించే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కంపెనీ చెప్పిన మేరకు గాలి చూసుకోవాలి. గుంతల రోడ్డు మీద ప్రతి గుంతకూ బ్రేకు, మళ్ళీ గేరు, మళ్ళీ యాక్సిలరేటరు. పంచాయతీరాజ్ రోడ్డు బాగు చేయకపోతే ఆ ఖర్చు ప్రభుత్వం పద్దులో కనిపించదు, మన బంకు బిల్లులో కనిపిస్తుంది.

నాలుగోది నిలబడి ఉండటం. చిన్న డీజిల్ ఇంజను ఖాళీగా తిరుగుతూ ఉంటే గంటకు సుమారు అర లీటరు తాగుతుంది. సీజన్లో గుంటూరు మిర్చి యార్డు బయటా, ఎనుమాముల మార్కెట్ బయటా బారులు తీరిన బండ్లను మనం చూస్తూనే ఉన్నాం. అడుగడుగు ముందుకు జరుపుకుంటూ మూడు గంటలు ఇంజను ఆపకపోతే లీటరున్నర పోయినట్టే. ఆ లీటరున్నరకు బండి ఒక్క కిలోమీటరు కూడా నడవలేదు.

మన లెక్క ఇలా వేద్దాం

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. అంకెలు లెక్క కోసం అనుకున్నవి, మీ బండి అంకెలు వేసుకుని సరిచూసుకోండి. ఊరి నుంచి యార్డు 40 కిలోమీటర్లు. బాక్సుకు 25 కిలోల చొప్పున 60 బాక్సుల టమాటా, అంటే 15 క్వింటాళ్ళు. లోడుతో లీటరుకు 10 కిలోమీటర్లు, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు 16 అనుకుందాం. పోయేటప్పుడు 4 లీటర్లు, వచ్చేటప్పుడు రెండున్నర, మొత్తం ఆరున్నర లీటర్లు. 80 కిలోమీటర్లకు ఆరున్నర లీటర్లంటే లీటరుకు 12.3. పదికీ పదహారుకూ మధ్య 13 అని నోటి లెక్క చెప్పేస్తాం గానీ, లోడుతో పోయేటప్పుడు ఎక్కువ డీజిల్ కాలింది కాబట్టి అసలు అంకె అంతకన్నా తక్కువే వస్తుంది.

అదే బండిలో 20 బాక్సులే వేసుకుని ఒక్క రైతే పోయాడనుకుందాం. బరువు తక్కువ కాబట్టి పోయేటప్పుడు 3 లీటర్లు, వచ్చేటప్పుడు రెండున్నర, మొత్తం అయిదున్నర. మైలేజీ లీటరుకు 14.5కి పెరిగింది. డ్రైవరుకు సంతోషమే. మరి రైతుకు?

మొదటి బండిలో ఆరున్నర లీటర్లకు 15 క్వింటాళ్ళు చేరాయి. క్వింటాలుకు సుమారు 430 మిల్లీలీటర్లు. రెండో బండిలో అయిదున్నర లీటర్లకు 5 క్వింటాళ్ళే చేరాయి. క్వింటాలుకు లీటరు పైన 100 మిల్లీలీటర్లు. లీటరు వంద రూపాయలు అనుకుంటే ఒకచోట క్వింటాలుకు 43 రూపాయలు, ఇంకోచోట 110. మైలేజీ బాగున్న బండిలోనే రైతుకు రెండున్నర రెట్లు ఖర్చయింది. అందుకే చెబుతున్నాం: కిలోమీటరు లెక్క బండికి, క్వింటాలు లెక్క రైతుకు.

ఇరుగుపొరుగు రైతులు ముగ్గురు తలా 20 బాక్సులు మూడు బండ్లలో తీసుకెళితే పదహారున్నర లీటర్లు. ముగ్గురూ ఒకే బండిలో వేస్తే ఆరున్నర. ఒక్క పూటకు 10 లీటర్లు, వెయ్యి రూపాయలు మిగిలాయి. పంట కాలంలో పది కోతలు తెంపితే పది వేలు. ఏ కంపెనీ కొత్త ఇంజనూ మనకు ఇంత మిగల్చదు. దీనికి కావలసింది ముందురోజు సాయంత్రం ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవడం. తిరుగు ప్రయాణంలో ఎరువు బస్తాలో, దాణా బస్తాలో వేసుకొస్తే ఖాళీగా కాలే రెండున్నర లీటర్లకు కూడా పని దొరుకుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. క్వింటాలు ఖర్చు తగ్గుతుంది కదా అని అనుమతించిన బరువు మించి వేయమని మేము చెప్పడం లేదు. టాటా ఏస్ లాంటి చిన్న బండి మోసేది ముప్పావు టన్ను, బొలెరో పికప్ రకాన్ని బట్టి టన్నుంబావు నుంచి రెండు టన్నుల దాకా. ఆ హద్దు దాటితే బ్రేకు పట్టదు, పట్టీలు విరుగుతాయి, టైరు పేలుతుంది. 2019 సవరణ తర్వాత అధిక లోడుకు మోటారు వాహనాల చట్టంలో 20,000 రూపాయల జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు ఉంది. సరుకు మీద మనుషులను కూర్చోబెట్టుకుని పోయే అలవాటు కూడా మానాలి. మిగిలిన డీజిల్ ప్రాణానికి సాటి రాదు.

కిరాయి మాట్లాడేటప్పుడు

కిరాయి బండి యజమాని మనకు శత్రువు కాదు. చాలా ఊళ్ళలో అతనూ రైతు బిడ్డే. అప్పు చేసి బండి కొని నెల వాయిదా కట్టుకుంటున్నవాడే. అతనితో పేచీ పెట్టుకోవడం కోసం ఈ లెక్క చెప్పడం లేదు, లెక్క మీద మాట్లాడుకోవడానికి చెబుతున్నాం.

డీజిల్ ధర లీటరుకు 5 రూపాయలు పెరిగిందనుకోండి. మన ఉదాహరణలో ఆరున్నర లీటర్లకు ముప్పై రెండున్నర రూపాయలు. 60 బాక్సులకు పంచితే బాక్సుకు 54 పైసలు. డీజిల్ పెరిగిందని చెప్పి బాక్సుకు 3 రూపాయలు పెంచితే, డీజిల్‌కు పోయేది 54 పైసలే, మిగతాది దేనికో అడగవచ్చు. టైర్లకో, ఇన్సూరెన్సుకో, రాత్రంతా యార్డులో ఆగినందుకు డ్రైవరు బత్తాకో అని అతను చెబితే అదీ న్యాయమే కావచ్చు. అప్పుడు ఆగిన గంటలకు వేరుగా, డీజిల్‌కు వేరుగా మాట్లాడుకోవచ్చు. డీజిల్ తగ్గినప్పుడు కిరాయి కూడా తగ్గాలని అప్పుడే ఒప్పందం రాసుకోవచ్చు. లెక్క లేనిచోట గొంతు పెద్దదున్నవాడే గెలుస్తాడు.

కొలిచేది ఎలా?

దీనికి యంత్రాలు అక్కర్లేదు, ఒక నోటు పుస్తకం చాలు. ట్యాంకు నిండా పోయించి కిలోమీటర్ల మీటరు అంకె రాసుకోండి. మళ్ళీ పోయించేటప్పుడు వీలైతే అదే బంకులో, అదే మట్టం దాకా నింపండి. పట్టిన లీటర్లు, మీటరు అంకె, మోసిన క్వింటాళ్ళు, యార్డులో ఆగిన గంటలు నాలుగు గడుల్లో రాయండి. ఒక్కసారి నింపితే తేలదు, నాలుగైదుసార్లు రాస్తే నిజమైన అంకె బయటపడుతుంది. మీటరు మీద అనుమానముంటే హైవే కిలోమీటరు రాళ్ళ మధ్య 20 కిలోమీటర్లు నడిపి సరిచూడండి.

బంకు కొలత మీద అనుమానముంటే అడిగే హక్కు మనకుంది. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలపాత్ర ప్రతి బంకులో ఉండాలి. మన ఎదుటే పోసి చూపమని అడగవచ్చు. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల తేడా వరకే అనుమతి ఉంది.

ఒక ఊళ్ళో నాలుగైదు బండ్లుంటే ముందు ఏ బండిని బాగు చేయించాలి? అందరికంటే తక్కువ మైలేజీ ఇచ్చేదాన్ని. లీటరుకు 8 ఇచ్చే పాత బండిని బాగు చేసి 10కి తెస్తే, వంద కిలోమీటర్లకు రెండున్నర లీటర్లు మిగులుతాయి. 16 ఇచ్చేదాన్ని 18కి తెస్తే మిగిలేది ముప్పావు లీటరు కూడా ఉండదు. రెండుచోట్లా పెరిగింది రెండే కిలోమీటర్లు, మిగిలిన డీజిల్‌లో మాత్రం మూడున్నర రెట్లకు పైగా తేడా. ఈ పొరపాటు జరగకుండానే అమెరికాలో 2013 మోడల్ బండ్ల నుంచి చీటీ మీద వంద మైళ్ళకు ఎన్ని గ్యాలన్లు కాలుతుందో కూడా వేస్తున్నారు.

ట్రాక్టరు, ట్రక్కుతో సరుకు తోలేవాళ్ళకు ఒక మాట. ట్రాక్టర్ల పరీక్ష మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థలో జరుగుతుంది. మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కూడా వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల కోసం కేంద్ర సంస్థ ఉంది. ఆ పరీక్ష నివేదికలో కిలోవాట్ గంటకు ఎన్ని గ్రాముల డీజిల్ కాలిందో రాస్తారు. ఆ అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. ఒక ట్రాక్టరుకు 250, ఇంకోదానికి 280 ఉంటే, ఒకే పనికి రెండోది 12 శాతం ఎక్కువ డీజిల్ తాగుతుంది. ట్రాక్టరు కొనేవాళ్ళు రంగు, హార్స్‌పవరు, వాయిదా చూసి ఆగిపోకుండా ఆ నివేదిక చూపించమని డీలరును అడగాలి. దమ్ము చక్రాలతో మాగాణిలో దిగితే ఏ ట్రాక్టరుకైనా ఖర్చు పెరుగుతుంది కాబట్టి, అక్కడ ఎకరాకు ఎన్ని లీటర్లో మళ్ళీ మన పుస్తకంలోనే రాసుకోవాలి.

మనం అడగాల్సినవి

మన పొదుపు మనం చేసుకుందాం. అంతటితో ప్రభుత్వం బాధ్యత తీరిపోదు. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తేశారు. జీఎస్టీ వచ్చినా డీజిల్‌ను అందులో చేర్చలేదు. కేంద్రం ఎక్సైజు, రాష్ట్రం వ్యాట్ రెండూ మన ట్యాంకులోంచే వసూలవుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో సముద్రంలో వేటకు పోయే మర పడవలకు డీజిల్ రాయితీ ఇచ్చే పద్ధతి ఉంది. మత్స్యకారులకు అది న్యాయమైన హక్కు. పొలం దున్నడానికీ, పంట యార్డుకు చేర్చడానికీ కాలే డీజిల్‌కు అలాంటి రాయితీ ఎందుకు ఉండకూడదు?

అందుకని సంఘం తరఫున ఈ డిమాండ్లు ముందు పెడుతున్నాం. సరుకు బండ్లు అమ్మే కంపెనీలు ఖాళీ బండి మైలేజీతో పాటు నిండు లోడు మైలేజీ కూడా పరీక్ష చేయించి రాతపూర్వకంగా ఇవ్వాలి. ట్రాక్టర్ల పరీక్ష నివేదికల సారాంశం తెలుగులో, ఆంధ్రలో రైతు సేవా కేంద్రాల్లో, తెలంగాణలో రైతు వేదికల్లో గోడ మీద అతికించాలి. మార్కెట్ కమిటీలు సీజన్లో గ్రామాల వారీగా సమయం కేటాయించి, బండ్లు గంటల తరబడి గేటు బయట నిలబడకుండా చూడాలి. మార్కెట్ సెస్సులోంచి యార్డుకు చేరే రోడ్లు బాగు చేయాలి. సాగు పనులకు వాడే డీజిల్ మీద పన్ను రాయితీ ఇవ్వాలి.

ఈ డిమాండ్లతో అధికారి ముందు కూర్చున్నప్పుడు "చాలా ఖర్చవుతోంది సారూ" అంటే ఆయన తల ఊపి కాగితం పక్కన పెడతాడు. ఇరవై ఊళ్ళ పుస్తకాలు ముందుంచి, గేటు బయట నిలబడినందుకు మా మండలంలో ఈ సీజన్లో ఇన్ని లీటర్లు కాలిపోయాయని చెబితే జవాబు చెప్పక తప్పదు.

కాబట్టి ఈ నెల పని ఇది. ప్రతి గ్రామ కమిటీ కనీసం మూడు బండ్లను ఎంచుకోవాలి. ఒకటి సొంత బండి, ఒకటి కిరాయి బండి, ఒకటి ట్రాక్టరు. నాలుగు గడుల పుస్తకం ఈ వారమే మొదలుపెట్టాలి. చదువుకుంటున్న పిల్లలకు రాసే పని అప్పగించండి, వాళ్ళు మనకంటే శ్రద్ధగా రాస్తారు. వచ్చే నెల మండల సమావేశానికి ఆ పుస్తకాలు తీసుకురండి. క్వింటాలుకు ఎన్ని మిల్లీలీటర్లో ఊరి వారీగా బోర్డు మీద రాద్దాం. ఏ ఊళ్ళో తక్కువ పడిందో, వాళ్ళు ఏం చేశారో వాళ్ళ నోటితోనే విందాం. ఎక్కడ ఎక్కువ పడిందో, అది మన చేతిలో ఉన్న కారణమో, రోడ్డో, యార్డు గేటో అక్కడే తేల్చుకుని అర్జీ రాద్దాం.